మాలికా, ముతవల్లీనా?

వక్ఫ్ జమీన్ చూసుకునే ముతవల్లీకి దాని మీద మిల్కియత్ ఉండదు. కౌలు వసూలు చేస్తాడు, మరమ్మతులు చేయిస్తాడు, హిసాబ్ చెప్తాడు. అమ్ముకునే హక్కు మాత్రం లేదు. అది అతని చేతిలో ఉన్న అమానత్. డెబియన్ చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ ముతవల్లీయే గుర్తొస్తాడు. ప్యాకేజీని చూసుకునేవాడు దానికి మాలికా, ముతవల్లీనా అన్న తకరార్ అక్కడ ఇంకా తెగలేదు.

1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ఎలాన్ చేశాడు. ఎవరెవరో రాసిన సాఫ్ట్‌వేర్లను తెచ్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా ప్యాకేజీలుగా కట్టి, లినక్స్‌తో కలిపి ముఫ్త్‌గా పంచడం దాని పని. ప్యాకేజీ బాధ్యత చూసేవాడు మెయింటెయినర్. తన్‌ఖా లేదు, నెత్తిన అఫ్సర్ లేడు. 1998లో రాసుకున్న దస్తూర్ కూడా ఇదే ఖాయం చేసింది: ఫలానా పని చేసి తీరాలని ఎవరినీ మజ్బూర్ చేయరాదు, తన పనిలో ఫైసలా డెవలపర్‌దే. దాన్ని కొట్టేయాలంటే టెక్నికల్ కమిటీలో 3:1 మెజారిటీ కావాలి. ముఫ్త్‌గా ఖిద్మత్ చేసేవాడికి ఆ మాత్రం ఇజ్జత్ ఇవ్వకపోతే ఎవడు నిలబడతాడు?

మరి మెయింటెయినర్ గాయబ్ అయితే? దానికో దారి పెట్టుకున్నారు. పేరు ఎన్‌ఎంయూ, అంటే మెయింటెయినర్ కాని వ్యక్తి చేసే అప్‌లోడ్. మామూలుగా మార్పును ముందు అందరికీ చూపించాలి, కొన్ని రోజులు క్యూలో ఆపాలి. ఆ లోపు మెయింటెయినర్ వచ్చి వద్దంటే వెనక్కి తీసుకోవాలి. పొరుగువాడి ఇంటి కప్పు కారుతుంటే ఇజాజత్ అడిగి నిచ్చెన వేసినట్టు. 2018లో ఇంకో అడుగు వేశారు: ఎవరూ పట్టించుకోని ప్యాకేజీని ఖబర్ చెప్పి, 21 రోజులు ఆగి, తన జిమ్మేదారీలోకి తీసుకోవచ్చు.

ఒంటరి పెత్తనం ఎంత ఖతర్నాకో చెప్పాలంటే చాలామంది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మిసాల్ ఇస్తారు. 2006లో డెబియన్ మెయింటెయినర్ ఆ కోడ్‌లో రెండు లైన్లు ఆపేశాడు. మెమరీని తనిఖీ చేసే పరికరం వాటి మీద ఫిర్యాదు చేస్తోంది మరి. దాంతో తాళంచెవులు తయారుచేసే యాదృచ్ఛిక సంఖ్యలకు ప్రాసెస్ నంబర్ తప్ప వేరే ఆధారం మిగల్లేదు. 32,768కి మించి రకాలు లేవు. దొంగ కూర్చుని ఒక్కొక్కటే ప్రయత్నిస్తే చాలు. 2008 మే 13న సంగతి బయటపడే దాకా డెబియన్, ఉబుంటు సర్వర్లు ఆ తాళాలతోనే నడిచాయి.

కానీ ఇన్సాఫ్‌గా చూస్తే అతను మష్వరా చేయకుండా చేసిన పని కాదది. అసలు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్ల దగ్గరే అడిగాడు. డీబగ్గింగ్‌కు పనికొస్తే తీసేయొచ్చన్నట్టు జవాబొచ్చింది. అడిగినవాడు ఒకటి అడిగాడు, చెప్పినవాడు ఇంకోటి అనుకున్నాడు. మార్చిన కోడ్‌ను మాత్రం ఎవరూ ఘౌర్ చేసి చూడలేదు. దీన్ని ఒంటరితనం ఖాతాలో రాయడం నాకు సరిగా తోచదు.

జమాత్ అయితే సురక్షితమా? 2024లో ఎక్స్‌జెడ్ ఉదంతం చూడండి. ఫైళ్లను కుదించే ఆ చిన్న లైబ్రరీని ఏళ్ల తరబడి ఒక్కడే మోశాడు. అలసిపోయాడు, తన తబియత్ బాగాలేదని 2022లో అందరి ముందే చెప్పుకున్నాడు కూడా. కొత్తవాళ్లకు చోటివ్వమని ముక్కూమొహం తెలియని పేర్లు ఒత్తిడి పెట్టాయి. అప్పటికే ఓ మదద్‌గార్ ఓపిగ్గా పని చేస్తూ ఉన్నాడు. రెండేళ్లకు పైగా ఎతెబార్ సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి మార్చి 29న లోకానికి తెలిసింది.

ఆ వెర్షన్లు డెబియన్‌లోకి ఎన్‌ఎంయూ గానే వచ్చాయి, తెచ్చినవాళ్లు నేక్ నియ్యత్‌తోనే తెచ్చారు. అప్పటికి స్టేబుల్‌లోకి చేరలేదు, అల్‌హమ్దులిల్లాహ్. వాటిని తొలగించి పాత 5.4.5ను వెనక్కి తెచ్చిన సెక్యూరిటీ టీమ్ అప్‌లోడ్ కూడా ఎన్‌ఎంయూయే. నంబరు తగ్గితే అప్‌గ్రేడ్ కాదు గనక దానికి పెట్టిన పేరు: 5.6.1 ప్లస్ రియల్లీ 5.4.5.