పూనకము – యంత్రవాద్యము: గోవా తీరపు నాట్యసంగీత చరిత్ర

జాతరలో డప్పు మ్రోగుచుండగా పూనకము వచ్చుట మన పెద్దలెల్లరు ఎరిగినదే. లయ ఒకే తీరున సాగిసాగి, ఆడువాని మనస్సును తనలోనికి లాగుకొనును. తంజావూరు మండలమందలి మెలట్టూరులో, వేంకటరామశాస్త్రిగారి ప్రహ్లాద నాటకము ఆడునపుడు, నరసింహ వేషధారికి ఆవేశము కలుగుననియు, అతనిని కొందరు పట్టి నిలుపుదురనియు ప్రసిద్ధి. ఇట్టి స్థితికి ఆంగ్లమున ట్రాన్స్ అని పేరు. ఇరువదవ శతాబ్ది చివర, యంత్రవాద్యములతో ఈ స్థితిని కలిగింపబూనిన సంగీతమొకటి ఆ పేరనే వెలసినది. దాని ముఖ్యశాఖలలో ఒకదానికి పుట్టినిల్లు కర్ణాటక, మహారాష్ట్రముల పొరుగుననున్న గోవా. మన యిండ్లలో పడుచువారు కొందరు దీనిని విని ఆనందింతురు. పెద్దలు చెవులు మూసికొందురు. కావున దీని చరిత్రను తెలిసికొనుట అనుచితము కాదు.

1961 డిసెంబరులో గోవాలో పోర్చుగీసు పాలన అంతరించెను. ఆ దశకము చివరనుండి, హిప్పీలని పేరుపడిన పాశ్చాత్య యువజనులు అంజునా తీరమున చలికాలము గడపసాగిరి. సాన్ ఫ్రాన్సిస్కో నగరమున 1951లో జన్మించిన గిల్బర్ట్ లెవీ వారిలో నొకడు. అతడే తరువాత గోవా గిల్ అని ఖ్యాతి గాంచెను. తొలినాళ్లలో వెన్నెల రాత్రుల గిటారులు, రాక్ పాటలు వినబడెడివి. 1980 తరువాత ఐరోపానుండి యంత్రసంగీతపు క్యాసెట్లు రాసాగినవి. వాటిలో పాట పాడిన భాగములను తీసివేసి, లయభాగములనే అతికి, తెల్లవారువరకు వినిపించుట అచటి ఆచారమయ్యెను. గ్రామఫోను పళ్లెములు ఆ యెండకు వంగిపోవును గనుక, అక్కడ టేపులే ఆధారమైనవి.

ఈ సంగీతమునకు ప్రాణప్రదమైన యంత్రమొకటి కలదు. జపాను దేశపు రోలండ్ కంపెనీ 1981లో టి.బి. 303 అను చిన్న పెట్టెను తయారుచేసెను. గిటారు వాయించువానికి తోడుగా మంద్రస్వరములు పలుకుట దాని పని. ఆ పనికది సరిపడలేదు; 1984 నాటికి తయారీ నిలిచిపోయెను. చౌకగా దొరకిన ఆ పెట్టెలను యువకులు కొని, మీటలను త్రిప్పి త్రిప్పి, సర్పమువలె మెలికలు తిరుగు వింతనాదమును రాబట్టిరి. నిమిషమునకు 135 మొదలు 150 వరకు సమానమైన దరువులు; వాటిపై ఒక చిన్న స్వరగుచ్ఛము మరల మరల వచ్చుచు, మెల్లమెల్లగా రంగు మార్చుకొనుచుండును. ఇదియే గోవా ట్రాన్స్ స్వరూపము.

ఈ కళ గోవాలోనే నిలిచిపోలేదు. నిర్బంధ సైనికసేవ ముగించుకొని భారతదేశయాత్రకు వచ్చు ఇస్రాయేలు యువకులు దీనిని తమ దేశమునకు కొనిపోయిరి. హైఫా ప్రాంతమున, చిన్ననాడే పియానో నేర్చిన ఎరెజ్ ఐజెన్, అమిత్ దువ్‌దేవాని అను ఇద్దరు కలిసి ఇన్ఫెక్టెడ్ మష్రూమ్ అను బృందముగా ఏర్పడిరి. 1999లో 'ది గ్యాదరింగ్', 2000లో 'క్లాసికల్ మష్రూమ్' అను సంపుటములు వెలువడెను. శాస్త్రీయ సంగీతపు స్వరరచనను నాట్యలయతో మేళవించిన ఈ రెండవ సంపుటము అనేక దేశముల నర్తకులను ఆకర్షించినది.

2003లో వెలువడిన 'కన్వర్టింగ్ వెజిటేరియన్స్' సంపుటముతో రసికులలో వివాదము పుట్టెను. అందు రెండు పళ్లెములు: ఒకదానిలో వెనుకటి నాట్యసంగీతము, రెండవదానిలో నడక తగ్గిన నూతన ప్రయోగములు. పిమ్మట వీరు లాస్ ఏంజెలిస్ నగరమున స్థిరపడి, 2007 నాటి 'విషియస్ డెలీషియస్'లో గిటారులకు, గానమునకు ఇంకను ఎక్కువ చోటు నిచ్చిరి. పాతవారు సంప్రదాయము చెడినదని వగచిరి. క్రొత్తవారు కళ ఎదిగినదనిరి. వలసవచ్చిన ఏ కళకైనను ఈ తగవు తప్పదు.

ఈ చరిత్రలో చీకటియు కలదు. మత్తుపదార్థముల నీడ ఆ సభలను మొదటినుండి వెన్నంటినది. గ్రామస్థుల నిద్రాభంగము మరియొక బాధ. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు బయట ధ్వనివర్ధకములను నిషేధించినవి. 2023 అక్టోబరు 7న ఇస్రాయేలులో నోవా సంగీతోత్సవమున తెల్లవారువేళ నాట్యమాడుచున్నవారిపై హమాస్ సాయుధులు దాడిచేయగా 360 మందికి పైగా హతులైరి. ఆ నెలలోనే గోవా గిల్ కన్నుమూసెను.

పుట్టిన నేలకు దూరముగ బ్రదుకు మనకు ఇందు ఆలోచింపదగిన విషయమున్నది. మెలట్టూరు నాటకమునకు తెలుగు సాహిత్యమున్నది, దైవమున్నది, తరతరములుగా మోయు కుటుంబములున్నవి. కనుకనే తమిళుల నడుమ తెలుగుగా నిలిచినది. గోవా సంగీతమునకు మాటలు లేవు. కనుక ఏ దేశమందైనను సులభముగా ఇమిడినది, కాని పుట్టిన ఊరి పేరు తప్ప ఆ ఊరి భాషనుగాని పాటనుగాని వెంట తీసికొనిపోలేదు. మన పిల్లలు రెండవ దారినే పోదురేమోయని మన భయము. ఆ భయము నిష్కారణము కాదు. అయినను, ఇంటిలో ఆ దరువు వినబడినపుడు కోపగించుటకు ముందు, ఒక్కమారు వారితో కూర్చుండి విందము. వైశాఖమున నరసింహజయంతి నాటికి వారిని మెలట్టూరు తీసికొనిపోదము. పూనకమనగానేమో వారికిప్పటికే కొంత తెలియును. అది తెలుగున ఎట్లు పలుకునో చూపుట మన వంతు.