పాత లేత్ మోటారు ఏ కరెంటుకు పుట్టింది?

గన్నవరం మండలం సూరంపల్లి పారిశ్రామిక వాడలో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ పాత లేత్ కొనేవారు ముందు బెడ్డు అరుగుదల చూడాల్సిందే. కానీ మోటారు ఏ దేశపు కరెంటు కోసం తయారైందో తేల్చకుండా లైను కలపడం పెద్ద తప్పు. సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ 1943లో, బెంగళూరులో స్విస్ ఓర్లికాన్ సహకారంతో హెచ్‌ఎంటీ 1953లో మొదలయ్యాయి. వాటికి ముందూ తర్వాతా విదేశీ యంత్రాలు మన దేశానికి వస్తూనే ఉన్నాయి. అప్పట్లో యూరప్‌లో చాలాచోట్ల 220/380 వోల్టులు, బ్రిటన్‌లో 240/415, అమెరికాలో 60 హెర్ట్జ్ మీద 220/440. మనది 50 హెర్ట్జ్ మీద 400–415. అంతర్జాతీయ ప్రమాణంగా 230/400 ఖరారైంది 1983లోనే. అంతకు ముందటి మోటారు నేమ్‌ప్లేటు మీది అంకె ఆ యంత్రం పుట్టిన ఊరి గుర్తు.

ప్లేటు ఊడిపోతే మీటరు చాలదా అంటారు. చాలదు. ఆరు లీడ్ల మోటారుకు మీటరు పెడితే మూడు జతలు దొరుకుతాయి, అంతే. 220/380 మోటారైనా, 415 డెల్టా మోటారైనా జతలు మూడే. మొదటిదాన్ని మన లైనుకు స్టార్‌లో కడితే ఒక్కో వైండింగుకు 240 వోల్టులు పడతాయి, కాస్త వేడెక్కినా నడుస్తుంది. డెల్టాలో కడితే 220 కోరే వైండింగుకు 415 పడి కాలిపోతుంది. రెండోదాన్ని స్టార్‌లో కడితే తిప్పే బలం మూడో వంతుకు పడిపోయి, లోతు కోతకు ఆగిపోతుంది. అలాగే ఆన్‌లో ఉంచితే అదీ కాలుతుంది. అమెరికా తొమ్మిది లీడ్ల మోటారు దగ్గర మాత్రం మీటరు కొంత ఎక్కువే చెబుతుంది. మూడు జతలు, మూడు లీడ్ల గుంపు ఒకటి దొరికితే లోపల స్టార్. మూడేసి లీడ్ల గుంపులు మూడు దొరికితే డెల్టా. అప్పుడైనా హెర్ట్జ్ లెక్క మిగిలే ఉంటుంది: 60 హెర్ట్జ్‌కు చేసిన 440 మోటారుకు 50 మీద తగినది సుమారు 367 వోల్టులే. మన 415 దానికి ఎక్కువ, పైగా వేగం ఆరో వంతు తగ్గుతుంది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది: మోటారును ఒకసారి తిరిగి చుట్టాక ప్లేటు మాటకు విలువేముంది? నిజమే, అప్పుడు ప్లేటు పుట్టుకనే చెబుతుంది. ఇప్పటి స్థితిని చెప్పేవి టెర్మినల్ బాక్స్‌లోని పట్టీలు, వైరు గేజి, కాయిల్‌లోని టర్న్‌లు. మూడు పట్టీలు పక్కపక్కనే నిలువుగా ఉంటే డెల్టా, మూడు టెర్మినళ్లనూ ఒకే వరుసలో కలిపితే స్టార్. మన దగ్గర అది చివరిసారి ఎలా నడిచిందో తెలిపే సాక్ష్యం అదే. అందుకే వైండింగ్ షాపులవారికి విన్నపం: పాత కాయిల్ కోసే ముందు టర్న్‌లు, గేజి, కనెక్షన్ రాసుకోండి, కొత్త వోల్టేజీని మోటారు ఒంటి మీదే పంచ్ కొట్టండి, పాత ప్లేటును మాత్రం పీకకండి.