భారతదేశంలో రక్త భద్రత: సిబ్బంది శిక్షణ చరిత్ర

భారతదేశంలో బ్లడ్ బ్యాంకులు రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే మొదలయ్యాయి. అక్కడ పనిచేసేవారికి ప్రత్యేక శిక్షణ ఉండి తీరాలన్న మాట జాతీయ స్థాయిలో ఆదేశంగా రావడానికి మాత్రం మరో అర్ధశతాబ్దం పట్టింది. రక్తం ఎలా సేకరించాలి, ఎలా పరీక్షించాలి, ఎలా నిల్వ చేయాలి, రోగికి ఎలా ఎక్కించాలి అన్నవన్నీ ఈ శిక్షణ పరిధిలోకి వస్తాయి.

యుద్ధ అవసరాల కోసం కలకత్తాలో 1942లో రెడ్‌క్రాస్ నిర్వహణలో పనిచేసిన రక్తనిధి దేశంలో తొలి వాటిలో ఒకటి. స్వాతంత్ర్యం తర్వాత పెద్దాసుపత్రుల్లో పాథాలజీ విభాగానికి అనుబంధంగా ఒకటి రెండు గదుల్లో బ్లడ్ బ్యాంకులు వెలిశాయి. కొత్తగా చేరినవారు సీనియర్లను చూసి పని నేర్చుకునేవారు. సీనియర్ చేతి అలవాటే వారికి పాఠ్యపుస్తకం. డబ్బుకు రక్తం అమ్ముకునేవారి మీద ఆధారపడటం సర్వసాధారణం. చండీగఢ్‌లోని పి.జి.ఐ. వైద్య సంస్థలో పనిచేసిన డాక్టర్ జె.జి. జాలీ వంటివారు రక్తం ఎక్కించే వైద్యాన్ని ప్రత్యేక శాస్త్రంగా బోధించాలని, స్వచ్ఛంద రక్తదానాన్ని పెంచాలని పట్టుబట్టారు. 1970ల తొలినాళ్లలో ఏర్పడిన వృత్తి నిపుణుల సంఘం ఆ పనిని ముందుకు తీసుకువెళ్లింది. 1975 నుంచి అక్టోబర్ 1ని జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినంగా జరుపుతున్నారు.

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్ బృందం దేశంలో తొలి హెచ్.ఐ.వి. కేసులను గుర్తించడంతో పరిస్థితి మారిపోయింది. 1989లో దానం చేసిన రక్తానికి హెచ్.ఐ.వి. పరీక్ష తప్పనిసరి అయింది. ఎలీసా అనే పరీక్ష కిట్లు వచ్చాయి, వాటిని వాడటం టెక్నీషియన్లకు నేర్పారు. ఆ తొలి శిక్షణ చాలావరకు కిట్టు చుట్టూనే తిరిగింది. అది అవసరమే కానీ సరిపోలేదు. వైరస్ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు చిక్కదు. ఆ వ్యవధిలో రోగిని కాపాడగలిగేది దాతతో జరిపే సంభాషణ ఒక్కటే. బంధువు కోసం రక్తం ఇవ్వడానికి వచ్చిన యువకుడు ఇంటివాళ్ల ఎదుట తన సంగతులు చెప్పుకోలేడు. అతణ్ని పక్కకు తీసుకెళ్లి, తప్పు పట్టకుండా అడిగి, అవసరమైతే గుట్టు బయటపడకుండా వెనక్కి పంపడం ఒక విద్య. కౌన్సెలింగ్ పేరుతో దాన్ని శిక్షణలో చేర్చడం ఆలస్యంగా జరిగింది.

1990లో కేంద్ర ప్రభుత్వం ఒక ప్రైవేటు సంస్థ చేత చేయించిన అధ్యయనం దేశంలోని 1018 బ్లడ్ బ్యాంకుల్లో 616కు లైసెన్సు లేదని తేల్చింది. శిక్షణ పొందిన సిబ్బంది కొరత కూడా అందులో బయటపడింది. దీనిపై కామన్ కాజ్ సంస్థ వేసిన ప్రజా ప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 జనవరి 4న తీర్పు ఇచ్చింది. రెండేళ్లలో రక్త విక్రేతల పద్ధతికి స్వస్తి చెప్పమన్న ఆదేశం అందరికీ గుర్తుంది. అదే తీర్పు జాతీయ, రాష్ట్ర రక్త మార్పిడి మండళ్లను ఏర్పాటు చేయమంది. సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, వైద్య కళాశాలల్లో ఈ రంగంలో పోస్టుగ్రాడ్యుయేట్ కోర్సులు మొదలుపెట్టించడం జాతీయ మండలి బాధ్యతగా నిర్ణయించింది. ఈ రెండో భాగానికి రావలసినంత పేరు రాలేదు. 2001లో హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి అయింది. 2002లో జాతీయ రక్త విధానం వచ్చింది.

శిక్షణలో అన్నిటికన్నా ఆలస్యంగా చోటు దక్కింది వార్డు నర్సుకు. ఎన్ని పరీక్షలు నెగ్గిన రక్తమైనా, ఒకరి ప్యాకెట్ మరొకరికి తగిలిస్తే ప్రాణాంతకమే. ‘ఓ’ గ్రూపు రోగికి ‘ఏ’ గ్రూపు రక్తం ఎక్కిస్తే ఎర్రకణాలు చిట్లిపోతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇలాంటి ప్రమాదాలకు ప్రయోగశాల పొరపాట్ల కన్నా లేబుల్ తారుమారు కావడం, రోగిని సరిగా గుర్తించకపోవడమే ఎక్కువగా కారణం. అందుకే ఇద్దరు వేర్వేరుగా పేరు, నంబరు, గ్రూపు సరిచూడటం, ఫ్రిజ్ నుంచి తీసిన అరగంటలోపు మొదలుపెట్టి నాలుగు గంటల్లో ముగించడం, తొలి పదిహేను నిమిషాలు రోగి దగ్గరే ఉండటం నేర్పుతారు. మంచం పక్కన నిలబడే ఆ పదిహేను నిమిషాలను మించిన రక్షణ లేదు. నలభై మంది రోగులున్న వార్డులో ఒక్క నర్సు ఉంటే ఎంత శిక్షణ ఇచ్చినా అది కుదరదు. ఈ లోపానికి ఆసుపత్రి యాజమాన్యాలే బాధ్యత వహించాలి.

2012 డిసెంబరులో హీమోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. రక్తం ఎక్కించినప్పుడు కనిపించిన దుష్ఫలితాలను ఆసుపత్రులు నోయిడాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయలాజికల్స్‌కు తెలియజేస్తాయి. 2015 జూన్ 14న దాతలకు కలిగే ఇబ్బందులకూ ఇలాంటి ఏర్పాటే వచ్చింది. పొరపాటును దాచకుండా రాయడం కూడా దీంతో శిక్షణలో భాగమైంది.

ఈ శిక్షణ అవసరం తలసేమియా అనే రక్తవ్యాధి ఉన్న పిల్లల విషయంలో మరింత ఎక్కువ. వారికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి, జీవితాంతం రక్తం కావాలి. వారి కోసం హైదరాబాదులో తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి పనిచేస్తోంది. ఇన్నిసార్లు రక్తం ఎక్కించుకున్నవారిలో కొందరి ఒంట్లో ఇతర గ్రూపు అంశాలకు ప్రతిరక్షకాలు తయారవుతాయి. అప్పుడు మామూలు గ్రూపింగ్, దాత రక్తాన్ని రోగి రక్తంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్‌తో సరిపోదు. ఏ ప్రతిరక్షకం ఉందో గుర్తించి, దానికి సరిపోయే యూనిట్‌ను వెతకాలి. అలాంటి పని తెలిసిన టెక్నీషియన్లు ఇప్పటికీ ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నారు.