పళ్ళ పటంలో ఊరి నీరు: గుంటూరు, ప్రకాశం మైదానాల్లో దంతవైద్య దస్తరం మారిన తీరు

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప మైదానాల్లో దంతవైద్యశాల దస్తరం, అంటే రోగి ఎవరు, ఏ పన్నుకు ఏ చికిత్స జరిగింది, ఎంత సొమ్ము ముట్టింది, ఎంత బాకీ నిలిచింది అన్న వివరాలు రాసి ఉంచే సామగ్రి అంతా, చేతిరాత రిజిస్టరు నుంచి కేస్ షీటుకూ, కేస్ షీటు నుంచి కంప్యూటరుకూ, ఇప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరో సాఫ్ట్‌వేర్‌కూ మారుతూ వచ్చింది. ఈ మార్పులను సాధారణంగా వేగంతోనూ ఖర్చుతోనూ కొలుస్తారు. అయితే ఈ నేల మీద పుట్టిన మనిషి పన్ను, చికిత్స చరిత్రతో పాటు, బాల్యంలో అతడు తాగిన నీరు ఎటువంటిదో కూడా తనలో దాచుకొని ఉంటుంది గనుక, దస్తరం చేతులు మారిన ప్రతిసారీ ఆ సాక్ష్యం నిలిచిందా జారిపోయిందా అన్నదే ఇక్కడి చరిత్రకారుడికి ముఖ్యమైన ప్రశ్న.

ఆ సాక్ష్యానికి శాస్త్రలోకంలో పాత గుర్తింపే ఉంది. హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ప్రచురించిన వ్యాసం నెల్లూరు జిల్లా పల్లెల్లోని ఫ్లోరోసిస్‌ను, అంటే తాగునీటిలో ఫ్లోరైడ్ మోతాదు మించడం వల్ల ఎముకలూ పళ్ళూ దెబ్బతినే వ్యాధిని, వివరించింది. భారతదేశంలో ఈ వ్యాధి అధ్యయనానికి దాన్నే ఆరంభంగా చెబుతారు. నాటి నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి 2న ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి, ఆ జిల్లాకే 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఆ మెట్ట భూముల్లో భూగర్భజలం గ్రానైటు, నైసు వంటి గట్టి రాళ్ళ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి ఖనిజాల్లోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. వానలు తక్కువై బోరు లోతుకు దిగినకొద్దీ ఆ నీటినే తాగవలసి వచ్చింది. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకపోవడం మేలనీ, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు సహించవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ నిర్ణయం.

పంటి పైపొర అయిన పింగాణి, జ్ఞానదంతాల మాట పక్కన పెడితే, దాదాపు 8 ఏళ్ళ వయసు లోపలే రూపు దిద్దుకుంటుంది. ఆ ఏళ్ళలో తాగిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పింగాణి మీద సున్నపు తెలుపు చారలు, తీవ్రమైతే గోధుమరంగు మరకలు, గుంటలు ఏర్పడతాయి. ఊళ్ళలో వీటిని గార పళ్ళంటారు. ఒకసారి పింగాణి గట్టిపడిన తరువాత నీరు మారినా మరక పోదు, ఊరు మారినా పోదు. అమెరికా ప్రజారోగ్య సేవకు చెందిన ట్రెండ్లీ డీన్ 1934లో రూపొందించి 1942లో సవరించిన సూచిక ఈ మరకలను స్థాయిలుగా విభజిస్తుంది గనుక, ఒక దంతవైద్యుడు డీన్ స్థాయిని రాసిపెట్టాడంటే ఆ రోగి బాల్యపు ఊరి బావిని కూడా కొంత వరకు రాసిపెట్టినట్టే.

ఆధునిక వైద్యపు రాతకోతలు ఈ ప్రాంతానికి మిషన్ ఆస్పత్రులతో వచ్చాయి. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీలకూ పిల్లలకూ వైద్యం మొదలుపెట్టి, 1898 నాటికి ఆస్పత్రిని తెరిచారు. ఒంగోలులో బాప్టిస్టు మిషన్ పనికి నాయకుడైన జాన్ క్లౌ పేరిట మరొక ఆస్పత్రి వెలిసింది. మిషన్ సంస్థలు తమ దేశంలోని దాతలకు ఏటా నివేదికలు పంపవలసి ఉండేది, అందువల్ల వాటి రిజిస్టర్లు తలల లెక్కకు అనువుగా ఉండేవి. గుంటూరు వైద్య కళాశాల 1946లో వచ్చింది. దంతవైద్యాన్ని విడి వృత్తిగా గుర్తించి, అర్హులైనవారి పేర్లు నమోదు చేయించిన దంతవైద్యుల చట్టం 1948లోనూ, దాని కింద భారత దంతవైద్య మండలి 1949లోనూ ఏర్పడ్డాయి. తరువాతి కాలంలో గుంటూరు శివారు తక్కెళ్ళపాడులో సిబార్ దంత కళాశాల వెలిసి, ఇక్కడి పిల్లలు ఇక్కడే ఈ చదువు చదివే వీలు కలిగింది.

ప్రభుత్వ ఆస్పత్రిలో ఓపీ చీటీ రోగి చేతికే ఇచ్చి పంపడం ఆనవాయితీ. రోగి దాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి, మరుసటిసారి తనతో తెచ్చుకొనేవాడు. పోగొట్టుకుంటే చరిత్ర కూడా పోయినట్టే. గుంటూరులోని కొత్తపేట, బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్లో పెరిగిన ప్రైవేటు వైద్యం ఈ బాధ్యతను తన మీదికి తీసుకొని కేస్ షీటును బీరువాలో పెట్టుకుంది. కేస్ షీటు మీద ముందే అచ్చయిన పళ్ళ పటం ఉంటుంది, పుచ్చు ఉన్న చోట నల్లగా నింపుతారు, పీకిన పన్నును కొట్టేస్తారు. పేరు, వయసు, ఊరు వరుసగా ఉండే ఆ షీట్లలో ఊరి గడి పక్కన వైద్యుడు తోచిన మాట రాసుకొనే చోటు ఉండేది. చెదలకూ తేమకూ లోబడే కాగితమే అయినా ఆ ఖాళీ అంచు విలువ తక్కువది కాదు.

పన్నును పేర్కొనే పద్ధతి ఈ చరిత్రలో విడిగా పరిశీలించదగినది. వియన్నాకు చెందిన అడాల్ఫ్ జిగ్మాండీ 1861లో ఒక నిలువు గీత, ఒక అడ్డగీతతో నోటిని నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్క భాగంలో మధ్య నుంచి వెనక్కి 1 నుంచి 8 వరకు అంకెలు వేశాడు. పామర్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన ఈ పద్ధతిలో, అంకె చుట్టూ గీసే మూల గుర్తు అది ఏ భాగపు పన్నో చెబుతుంది. చేత్తో గీయడానికి సులువైన ఆ మూల గుర్తును టైపు చేయడం కష్టం. అంతర్జాతీయ దంతవైద్య సమాఖ్య 1970లో రెండంకెల పద్ధతిని ఆమోదించినప్పుడు, కంప్యూటరుకు సులభంగా ఎక్కించగలగడాన్ని కూడా ఒక అర్హతగా పెట్టుకుంది. అందులో మొదటి అంకె భాగాన్నీ రెండోది పన్నునూ సూచిస్తాయి, కాబట్టి ఎడమవైపు కింది మొదటి దవడ పన్ను 36 అవుతుంది. అమెరికాలో 1 నుంచి 32 వరకు వరుస సంఖ్యలు వాడతారు: అక్కడి 18 ఎడమవైపు కింది రెండో దవడ పన్ను, రెండంకెల పద్ధతిలో 18 కుడివైపు పై జ్ఞానదంతం. అమెరికాలో స్థిరపడి సెలవుల్లో గుంటూరు వచ్చి పళ్ళు చూపించుకొనే తెలుగువారి కాగితాల్లోనూ, అమెరికా అలవాటుకు తగ్గట్టు అమర్చిన సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ తేడాను గమనించకపోతే చెడని పన్ను పోయే ప్రమాదం ఉంది. దస్తరం మార్పిడిలో అన్నిటికన్నా ముందు సరిచూడవలసింది ఇదే.

కంప్యూటరు క్లినిక్కులోకి ప్రధానంగా రెండు దారుల్లో వచ్చింది. ఒకటి చిత్రాల దారి: ఫ్రాన్స్‌లో 1980లలో రూపొందిన ఆర్వీజీ, అంటే ఫిల్ము లేకుండా నోట్లో పెట్టిన సెన్సరుతో ఎక్స్‌రేను నేరుగా తెర మీద చూపే విధానం, కంప్యూటరును కుర్చీ పక్కకే తెచ్చింది. రెండోది లెక్కల దారి: 2008లో బెంగళూరులో మొదలైన ప్రాక్టో వంటి సంస్థలు అపాయింట్‌మెంట్లు, బిల్లులు, కేసు వివరాలు ఒకచోట నడిపే సాఫ్ట్‌వేర్‌ను నెలవారీ, ఏడాది చందాల మీద చిన్న క్లినిక్కులకూ అందించాయి. రెండు దారులూ ఒకే సంస్థ నుంచి రాకపోవడం వల్ల రోగి పేరు ఒక చోట, అతని ఎక్స్‌రే మరొక చోట ఉండిపోయాయి. సాఫ్ట్‌వేర్ మార్చేటప్పుడు పేర్లూ ఫోన్ నంబర్లూ వరుసల పట్టికగా తేలిగ్గానే బయటికి వస్తాయి. కానీ ఏ చిత్రం ఎవరిదో చెప్పే లంకె తెగిపోతే వేల చిత్రాలు దిక్కులేనివవుతాయి. పల్లెల్లో ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ నంబరు ఉండడం మామూలు. నంబరును బట్టి మనిషిని గుర్తించే సాఫ్ట్‌వేర్ తల్లినీ కొడుకునూ ఒకే రోగిగా కలిపేయగలదు. వెంకటేశ్వర్లు, సుబ్బారావు వంటి పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాయడం వల్ల ఒకే మనిషి ఇద్దరుగా చీలడమూ ఉంది.

ఈ మైదానంలో సొమ్ము నడిచే తీరు పంటను బట్టి ఉంటుంది. ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన గుంటూరు మిర్చి యార్డుకు సరుకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ముమ్మరంగా చేరుతుంది, చేతికి డబ్బు వచ్చాకే రూట్ కెనాల్ మీద క్యాపు పెట్టించుకోవడమో, కట్టుడు పళ్ళు కట్టించుకోవడమో రైతు కుటుంబాల్లో సహజం. కాగితపు ఖాతా ఈ పద్ధతిని ఇబ్బంది లేకుండా మోసింది, ఎందుకంటే బాకీ ఎదుట “మిర్చి అమ్మాక” అని రాసుకుంటే చాలు. గడువు తేదీ అడిగే సాఫ్ట్‌వేర్ ఆ బాకీని మొండి బాకీల వరుసలో చూపుతుంది. కొత్త దానిలోకి నిల్వలు ఎత్తి రాసేటప్పుడు ఆ చిన్న వివరణ పోతే, నమ్మకం మీద నడిచిన సంబంధం వసూలు పట్టికగా మారుతుంది. అదే కారణంగా, జనం ఎక్కువగా వచ్చే వేసవి మొదట్లో మార్పిడి పెట్టుకోకుండా, పొలం పనుల వల్ల రాకపోకలు తగ్గే వానాకాలంలో పాత, కొత్త పద్ధతులను కొన్ని వారాలు పక్కపక్కన నడపడం ఇక్కడి క్లినిక్కుకు మేలు.

అన్నిటికన్నా పెద్ద నష్టం చిరునామా గడిలో జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ అడిగేది బిల్లు పంపడానికీ సందేశం ఇవ్వడానికీ పనికొచ్చే నేటి చిరునామా. పింగాణి అడిగేది 8 ఏళ్ళ లోపు మనిషి ఎక్కడ పెరిగాడన్నది. కనిగిరి మెట్టలో పుట్టి, చదువుకు గుంటూరు వచ్చి, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న యువకుడి పేరు ఎదుట హైదరాబాదు చిరునామా చేరినప్పుడు, అతని ముందు పళ్ళ మీది మరకకు ఏ ఊరి నీరు కారణమో చెప్పే దారి మూసుకుపోతుంది. కేస్ షీటు అంచున వైద్యుడు రాసుకోగలిగిన “పొదిలి దగ్గర, బోరు నీళ్ళు” వంటి మాటకు కొత్త పట్టికలో గడి ఉండదు, గడి లేని మాట ఎక్కదు.

ఇది ఒక క్లినిక్కు సంగతి మాత్రమే కాదు. 1955లో పునాదిరాయి పడి, 1967లో నీళ్ళు విడుదలైన నాగార్జునసాగర్ ప్రాజెక్టు కుడి కాలువ గుంటూరు, ప్రకాశం ప్రాంతాలకు కృష్ణ నీటిని తెచ్చింది. కాలువ అందని మెట్టలకు తాగునీరివ్వడం వెలిగొండ ప్రాజెక్టు ఆశయాల్లో ఒకటి. కుళాయి నీరు చేరిన ఏడాది పుట్టిన బిడ్డకు ముందు పళ్ళు 6 నుంచి 8 ఏళ్ళకూ, రెండో దవడ పన్ను 12 ఏళ్ళకూ వస్తాయి గనుక, నీరు నిజంగా బాగుపడిందో లేదో పళ్ళను చూసి తేల్చాలంటే ఒక పుష్కరం దాటవలసిందే. దంతవైద్యుల నైతిక నియమావళి దస్తరాన్ని కనీసం 3 ఏళ్ళు భద్రపరచాలని మాత్రమే కోరుతుంది. 2021లో దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్య, రోగి అనుమతితో ఒక చోటి వివరాలు మరొక చోట చూడగలిగే ఏర్పాటు గనుక, మనిషినీ దస్తరాన్నీ కలిపి ఉంచే విషయంలో లోటును కొంత తీరుస్తుంది. కానీ క్లినిక్కు ఎన్నడూ రాయని ఊరిని ఏ సంఖ్యా తెచ్చి ఇవ్వలేదు. కాబట్టి ఈ ప్రాంతపు క్లినిక్కు పాత సాఫ్ట్‌వేర్ చందా ఆపే ముందు, బిల్లుల కన్నా ముందుగా, ప్రతి రోగికీ బాల్యపు ఊరు, అప్పటి నీటి వనరు, డీన్ స్థాయి, మొదటిసారి తీసిన పళ్ళ ఫోటో విడిగా ఎత్తి రాసుకొని, కొత్త సాఫ్ట్‌వేర్‌లో వాటికి గడి తెరిపించుకోవడం అవసరం.