బరంపురం యూత్ మీటింగులో ఓ సాయంత్రం

ఆదివారం సాయంత్రం అయిదు గంటలు. గోపాల్‌పూర్ సముద్రం పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా ఒడిశాలోని ఈ బరంపురంలో ఉక్కపోత తగ్గలేదు. అడ్డదిడ్డంగా పెట్టిన సైకిళ్ళను తప్పించుకుంటూ మీరు చర్చి వరండా ఎక్కుతారు. "వందనాలంకుల్, లోపలికి రండి" అంటుంది తొమ్మిదో తరగతి అమ్మాయి. ఆ వెంటనే స్నేహితురాలి వైపు తిరిగి ఒడియాలో ఏదో చెప్పి నవ్వుతుంది.

పొద్దున్న ఆరాధనకు వేసిన కుర్చీలన్నీ గోడవారకు చేరాయి. పిల్లలు చాపల మీద గుండ్రంగా కూర్చున్నారు. కీబోర్డు మోగగానే పాట అందుకున్నారు. మీ పక్కనున్న కుర్రాడి నోటుబుక్కులోకి తొంగి చూడండి. పాట తెలుగే, అక్షరాలు మాత్రం ఒడియావి. బళ్ళో తెలుగు చదువుకోలేదు. అమ్మ పాడుతుంటే విన్న మాటల్ని తనకొచ్చిన లిపిలో రాసుకున్నాడు.

పాట ముగిశాక యూత్ లీడరు అది రాసినాయన గురించి చెప్తాడు. పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు. 1992లో గజపతి జిల్లా ఏర్పడేదాకా అది బరంపురం ఉన్న గంజాం జిల్లాలోదే. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పాటల పుస్తకంలో ఆయన పాటలు ఎన్నో ఉన్నాయి. "అంటే మన జిల్లా ఆయనేనా అన్నా?" అని కీబోర్డు కుర్రాడు కళ్ళు పెద్దవి చేస్తాడు. ఇన్నాళ్ళూ ఆ పాటలు ఎక్కడో ఆంధ్రా నుంచి వచ్చాయనుకున్నాడు.

ఇక ప్రార్థన మనవులు. ఒకరికి లెక్కల పరీక్ష, ఇంకొకరికి నానమ్మ మోకాళ్ళు. మూలనున్న పిల్లాడు తల దించుకునే, "నాన్న సూరత్‌లో ఉన్నాడు, రెండు వారాలుగా ఫోన్ చెయ్యలేదు" అంటాడు. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్ళే తండ్రులు చాలామంది. ఆ ఇళ్ళల్లో మగపిల్లాడు మీసాలు రాకముందే పెద్దరికం మోస్తాడు. ఇక్కడున్న అన్నల్లో ఒకడు జరిగి అతని పక్కన కూర్చున్నాడు. ఏమీ అనలేదు, భుజం మీద చెయ్యి వేశాడంతే.

అప్పుడు ఇందాకటి అమ్మాయి అడుగుతుంది: "అన్నా, మా అత్త కోసం అందరం ఉపవాసముండి ప్రార్థించాం. అయినా చనిపోయింది. దేవుడు వినలేదా?"

గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే. లీడరు వెంటనే వాక్యం ఒకటి అప్పజెప్పేస్తాడని మీరనుకుంటారు. అతను అలా చెయ్యడు. "నాకూ ఈ ప్రశ్న ఉందమ్మా" అంటాడు. కీర్తనల గ్రంథం తెరిపిస్తాడు. దేవుడి మీద ఫిర్యాదుతో మొదలయ్యే కీర్తనలు వెతకమంటాడు. పిల్లలు ఒకటి, రెండు, మూడు చూపిస్తారు. భక్తుడు కూడా ఇలా అడిగాడని తెలిశాక ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని తానే ఒక కీర్తన పైకి చదువుతుంది.

చివర్లో పనుల పంపకం. మంచం పట్టిన వృద్ధుల్ని పలకరించేది ఎవరు, చిన్నపిల్లలకు సండేస్కూల్లో కథ చెప్పేది ఎవరు, వచ్చే వారం మీటింగు నడిపేది ఎవరు. ఖాళీ చేతులతో ఇంటికి వెళ్ళేవారు లేరు. ఈ పద్ధతి పాతదే. 1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు క్రిస్టియన్ ఎండెవర్ సొసైటీ పెట్టినప్పుడు కోరింది ఇదే: కుర్రాళ్ళు విని వెళ్ళిపోకూడదు, ప్రతి ఒక్కరూ మీటింగులో నోరు విప్పాలి, ఏదో ఒక కమిటీలో పని చెయ్యాలి.

ఇక ఈ ఊళ్ళో క్రైస్తవ విశ్వాసానికి తెలుగు వేరు చాలా లోతైనది. 1827 క్రిస్మస్ నాడు బాంప్టన్ అనే బాప్టిస్టు మిషనరీ బరంపురంలో బాప్తిస్మమిచ్చిన ఎరున్ తెలుగువాడే. ఒడిశా బాప్టిస్టు మిషన్‌కు అతనే మొదటి విశ్వాసి. అయితే తాతల విశ్వాసం మనవలకు ఆస్తిలా రాసిచ్చేది కాదు. ఎవరికి వారు అడిగి, తడబడి, చేసి సంపాదించుకోవలసిందే.

అందుకే సంఘ పెద్దలకూ తల్లిదండ్రులకూ ఒక మనవి. పిల్లలు చర్చికి రావడం లేదని బాధపడేముందు, వచ్చినవాళ్ళకు ఏం పని ఇచ్చామో, వాళ్ళ ఏ ప్రశ్న విన్నామో చూసుకోండి. వారానికి ఒక సాయంత్రం మైకు వాళ్ళ చేతికిచ్చి, మీరు చాప మీద కూర్చోండి.