ప్రదర్శన ఫైళ్ళ పూర్వవృత్తాంతము

ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అమరమును, శబ్దమంజరియు వల్లెవేసి పెరిగిన నా బోటి పండితుడు కంప్యూటరు ఫైళ్ళ చరిత్రమును గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా దోచవచ్చును. నన్నీ త్రోవ బట్టించినది ఒక సీడీ.

మా బడిలో చరిత్రము బోధించిన నా మిత్రుడు 2002వ సంవత్సరమున మా యూరి దేవాలయములోని శాసనములకు ఫొటోలు దీసి, ఒక్కొక్కదాని క్రింద తాను చదివిన పాఠమును తెలుగులిపిలో జేర్చి, పిల్లలకు తెరమీద జూపుటకై నలువది స్లైడ్లు కూర్చెను. కొన్నాళ్ళకు గుడి బాగుచేయునపుడు ఒక స్తంభము విఱిగి పునాదిరాళ్ళలో గలిసిపోయినది. దాని ఫొటోయు మసకగానే వచ్చియుండెను. కావున ఆ స్తంభముమీది శ్లోకమునకు మిగిలిన యాధారము నా మిత్రుడు స్లైడుమీద వ్రాసిన పాఠ మొక్కటియే. ఆయన గతించిన పిమ్మట, 2019లో, ఆయన కుమార్తె యా సీడీని దెచ్చి, “మాస్టారూ, నాన్నగారి పాఠము మా యింట నెవ్వరికిని చదువరాకున్నది. మీరొకసారి చూడుదురా?” అని యడిగెను. నా మనుమని కంప్యూటరున బెట్టితిమి. ఫైలు తెఱచుకొన్నది. చిత్రములును గనబడినవి. తెలుగుండవలసిన తావున మాత్రము ఇంగ్లీషు అక్షరములు, వానిమీద టోపీలు, చుక్కలు, తోకలు!

తాళపత్రమును దెఱచుట యనగా దారము విప్పుటయే. అక్షరము ఆకుమీదనే యుండును. పురుగు తినిన మేర పోవును, తినని మేర నిలుచును. ఫైలు సంగతి యట్లు గాదు. అందుండునవి అంకెలు. వానిలో నేది యక్షరమో, ఏది రంగో, ఏది తెరమీది స్థానమో తెలుపు సంకేతము వేఱొక చోట, దానిని గూర్చిన సాఫ్ట్‌వేరులో నుండును. సంకేత మెఱిగినవాడు లేనిచో ఫైలు చెక్కుచెదరకున్నను మూగదియే. ఈ సంకేతమెట్లు పుట్టెనో, ఎన్నిమార్లు మాఱెనో తెలిసికొనవలెనని నాకు పట్టుదల కలిగినది.

ఈ జాతి ఫైళ్ళలో మిక్కిలి వ్యాప్తి నొందినవి పవర్‌పాయింట్‌వి. కాలిఫోర్నియాలో ఫోర్‌థాట్ అను చిన్న కంపెనీయందు రాబర్ట్ గాస్కిన్స్ 1984లో దీనిని తలపెట్టెను. డెన్నిస్ ఆస్టిన్ ప్రోగ్రాము వ్రాసెను. పిమ్మట థామస్ రడ్‌కిన్ తోడయ్యెను. 1987 ఏప్రిల్‌లో మాకింటాష్ యంత్రమునకై మొదటి కూర్పు వెలువడెను. అది నలుపు తెలుపుల పుటలను మాత్రమే చేయగలిగెడిది. వానిని పారదర్శకమగు షీట్లమీద అచ్చొత్తి, దీపపు పెట్టెమీద నుంచి గోడకు జూపెడివారు. ఆ యేడే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 1 కోటి 40 లక్షల డాలర్లకు గొనెను. 1990 మే నెలలో విండోస్‌కు తగిన కూర్పు వచ్చెను. చిక్కులకు మొద లిచ్చటనే.

నాటి మాకింటాష్‌లోని మొటొరోలా ప్రాసెసరు సంఖ్యను పెద్ద స్థానము మొదలుకొని దాచును. విండోస్ నడచు ఇంటెల్ ప్రాసెసరు చిన్న స్థానము మొదలుకొని దాచును. శాసనములు చదివినవారి కిది క్రొత్త గాదు. శ్లోకమున ‘గజ రామ వేద చంద్ర’ యని యున్నచో, గజములు 8, రాములు 3, వేదములు 4, చంద్రుడు 1. ఒకట్ల స్థానము మొదట వచ్చినది గనుక వెనుకనుండి చదివి 1438 అని గ్రహింతుము. ఈ మర్మ మెఱుగనివాడు 8341 అని చదివి, ఇంకను రాని కాలమునకు బోవును! ఆ తొలినాళ్ళ మాకింటాష్ పవర్‌పాయింట్ ఫైలు మొదట గుర్తుగా నాలుగు బైట్లుండును: 0బి, ఎడి, డిఇ, ఇడి. పదాఱింటి లెక్కలో పది మొదలు పదునైదు వఱకు గల యంకెలకు ఇంగ్లీషు అక్షరములే వాడుదురు గాన, వరుసగా జదివినచో ‘బ్యాడ్ డీడ్’, అనగా చెడ్డపని, యని వచ్చును. ప్రోగ్రాములు వ్రాయువారికిని చాటువులయం దాసక్తి గలదన్నమాట. విండోస్ ఫైలులో నవే నాలుగును తలక్రిందై ఇడి, డిఇ, ఎడి, 0బి అని యుండును.

1997 కూర్పుతో ఫైలు ఆకృతియే మాఱిపోయెను. 1995 కూర్పు గలవారు దానిని నేరుగా దెఱవజాలరైరి. అందుచే ఒకే ఫైలులో రెండు రూపములను దాచు వసతిని కల్పించిరి. ఫైలు బరువెక్కెడిది, కాని యిద్దఱికిని పనికివచ్చెడిది. త్వరగా భద్రపఱచుటకై, దిద్దిన స్లైడును మొదటి చోట దిద్దక తుదిని జేర్చు పద్ధతియు నందుండెను. చదువు సాఫ్ట్‌వేరు కడపటి దిద్దుబాటును బట్టుకొని వెనుకకు నడువవలెను. 1998లో మాకింటాష్ కూర్పు నీ యాకృతినే గైకొనుటతో రెండు యంత్రములకును సంధి కుదిరినది. ఐనను మాకింటాష్‌లో నతికించిన కొన్ని చిత్రములు విండోస్‌లో గనబడవు. వాని బదులు తెల్లని పెట్టెలో, ఈ చిత్రమును జూచుటకు క్విక్‌టైమ్ కావలెనను వాక్యము వచ్చెడిది. నిండుసభలో నా పెట్టెను జూచి తెల్లబోయిన వక్త లెందఱో! 2007 సెప్టెంబరులో ఆఫీస్ 2003కు వచ్చిన మూడవ సర్వీస్ ప్యాక్, భద్రత నిమిత్తమై, 1997కు ముందటి ఫైళ్ళకు దలుపు మూసినది.

ఇంతలో, సంకేతము ఒక యింటి సొత్తుగా నుండదగునా యను ప్రశ్న పుట్టెను. జర్మనీలో బుట్టిన స్టార్‌ఆఫీస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1999లో గొని, మఱుసటి యేట దాని మూలమును లోకమునకు విడిచిపెట్టెను. అదియే ఓపెన్‌ఆఫీస్, 2010లో దానినుండి లిబ్రెఆఫీస్ చీలినది. పొరుగువారి ఫైళ్ళను, లిపి తెలియని శాసనమును బరిశోధకుడు పోల్చి పోల్చి చదివినట్లు, ఆ ప్రోగ్రామర్లు చాలవఱకు చదివిరి. వారి యాకృతి ఓడీఎఫ్ 2006లో అంతర్జాతీయ ప్రమాణమైనది. మైక్రోసాఫ్ట్ తన క్రొత్త పీపీటీఎక్స్ మొదలగు వానిని ఆఱువేల పుటలకు మించిన గ్రంథముగా వివరించి, వానికిని ప్రమాణపదవి గోరెను. మన బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వలదని వోటు వేసినది. ఐనను 2008 ఏప్రిల్‌లో నది నెగ్గెను. బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనెజువెలాలును మనవారును జేసిన అప్పీళ్ళు ఆగస్టులో ద్రోసివేయబడినవి. ఒక పనికి రెండు ప్రమాణము లేల యను మనవారి పక్షమే నాకు సమంజసముగ దోచును. కాని యొకమాట యొప్పుకొనవలెను: ఆ కలహమువలన దాగియున్న సంకేతము బయటబడినది. 2008 ఫిబ్రవరిలో పాత ఆకృతుల వివరములును ఎల్లరకు లభించినవి.

పీపీటీఎక్స్ నిజమునకు జిప్ పెట్టె. పేరు చివర జిప్ అని మార్చి విప్పినచో స్లైడుకొక పత్రము, చిత్రములకొక యఱ గనబడును. సాఫ్ట్‌వేరు లేకున్నను మాటలు కంటికి జిక్కును. నా మనుమడిది చేసి చూపినపుడు, సంపుటము కుట్టు విప్పి ఆకులు లెక్కపెట్టిన సంతోషము నాకు గలిగినది.

ఐన నా మిత్రుని ఫైలు వ్యాధి వేఱు. యూనికోడ్ 1991లోనే తెలుగునకు 128 స్థానములు గేటాయించెను; విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో దానిని యంత్రమున కెక్కించెను. పల్లెలకు మాత్ర మా వాడుక యప్పటికి రాలేదు. నాటి ఫాంట్లు తలకట్టును, గుడిని, కొమ్మును, ఒత్తును విడివిడి ముక్కలుగా జేసి ఇంగ్లీషు అక్షరముల స్థానములలో గూర్చుండబెట్టెడివి. ఏ ముక్క నెచ్చట నుంచవలెనో ఒక్కొక్క ఫాంటు దొక్కొక్క మతము. ఆ ఫాంటు లేని యంత్రమున తెలుగు మాయమై, క్రింది ఇంగ్లీషు బయటబడును.

మా పట్టణమున శుభలేఖలు కూర్చు డీటీపీ వా డొకడు పాత ఖాతాదార్లకొఱకై పాత కంప్యూటరును దాచియుంచెను. సీడీ నందులో బెట్టగానే నలువది స్లైడ్లును తెలుగైనవి. నేను చదువుచుండ, ఆ యమ్మాయి ప్రక్కయంత్రమున యూనికోడ్‌లో మఱల గొట్టినది. మూడు దినములు పట్టినది. పోయిన స్తంభపు స్లైడునందు మాత్ర మొక చిక్కు. అందు తేదీ మొదలగు చోటు పిల్లలకు దెలియుటకై మొదటి పదమును నా మిత్రుడు వేఱొక ఫాంటులో నెఱ్ఱగా వ్రాసెను. ఆ ఫాం టెచ్చటను దొరకలేదు. ఆ స్లైడున దక్క మఱెచ్చటను దానిని వాడలేదు గనుక పోల్చిచూచుటకును వీలులేదు. నాలుగు ఇంగ్లీషు గుర్తులు, తరువాత స్పష్టమైన తెలుగున ‘నేత్రశరచంద్రవత్సరే’ అని.

నేత్రములు 2, శరములు 5, చంద్రుడు 1. పోయినది ఒకట్ల స్థానము. రెండవ పాదమున శుభకృత్ అను సంవత్సరనామ మున్నది. శకము 1520 మొదలు 1529 వఱకు గల పదేండ్లలో శుభకృత్తు 1524వ యేడే, అనగా క్రీ. శ. 1602–03. కనుక పోయిన పదమునకు నాలుగని యర్థము. ఇంతవఱకు సుఖమే. నాలుగునకు బేర్లు పెక్కులు: వేద, అబ్ధి, శ్రుతి, యుగ. వృత్తము రథోద్ధత యగుటచే తొలి రెండక్షరములు గురువు, లఘువు గావలెను. శ్రుతియు, యుగమును దొలగినవి. వేద, అబ్ధి రెండును సరిపోవును. శ్లోకము సంస్కృతము గనుక యతిప్రాసలు సాయమునకు రావు.

ప్రతిలో నా చోటు చుక్కలతో విడిచి, పుట క్రింద రెండు పదములను వ్రాసితిని. ఆయన కుమార్తె మాత్రము వేద యనియే యుండుననును. తండ్రి తనకు బెట్టిన పేరును అదియే.