మన దస్తర్‌ఖాన్‌పై కాయగూర, చేప: కంచరపాలెం వంటిళ్ళ చరిత్ర

చరిత్ర అనగానే మనకు సుల్తానులు, కోటలు, యుద్ధాలు జ్ఞాపకం వస్తాయి. బడిలో పిల్లలకు మేము చెప్పేదీ ఎక్కువగా అదే. కాని ఒక కుటుంబం ఏ పని చేసి బ్రతికింది, ఇరుగుపొరుగుతో ఎలా మెలిగింది, కష్టకాలంలో ఎలా గట్టెక్కింది అన్న సంగతులు పొయ్యి దగ్గర తెలిసినంతగా మరెక్కడా తెలియవు. అందుచేత ఈ సంచికకు మన కంచరపాలెం ముస్లిం కుటుంబాల రోజువారీ వంటనే విషయంగా తీసుకున్నాము.

ముస్లింల భోజనం అంటే బిర్యానీ, కుర్మా, కబాబులే అని బయటివారు అనుకుంటారు. ఇప్పుడు మన పిల్లలు కూడా అలాగే అనుకుంటున్నారు. బిర్యానీని మేము తక్కువ చేయడం లేదు. అయితే ఏడాదికి 365 రోజుల్లో అది మన ఇళ్ళలో వండిన రోజులెన్ని? మిగిలిన రోజుల్లో మన నానీలు, దాదీలు ఏమి వండి ఇంత సంసారాన్ని ఈదారు? పప్పు, ఆకుకూర, వంకాయ, ఆనపకాయ, చిన్న చేప, ఎండు రొయ్య. మన సంప్రదాయంలో పెద్ద భాగం ఇదేనని మా అభిప్రాయం. దానికి ఆధారాలు చూద్దాం.

పాత గ్రంథాల సాక్ష్యం

14వ శతాబ్దంలో హిందూదేశం వచ్చిన ఇబ్నె బతూతా ఇక్కడివారు పెసలు, బియ్యం కలిపి వండి, నెయ్యి వేసుకుని ఉదయం పూట తింటారని, దాన్ని ఖిచిడీ అంటారని వ్రాసుకున్నాడు. 16వ శతాబ్దం చివర అబుల్ ఫజల్ వ్రాసిన ‘ఆయినె అక్బరీ’లో పాదుషా వంటశాల వంటలను మూడు తరగతులు చేశాడు. మొదటి తరగతి మాంసం లేనివి. వాటికి సూఫియానా అని పేరు. ఖుష్కా, ఖిచిడీ, సాగ్ అనే ఆకుకూర, బాదింజాన్ అనే వంకాయ అందులోనివే. అంటే మొగలు దర్బారులోనే కూరగాయకు మొదటి వరుసలో చోటుంది.

ఇంకా వెనక్కు వెళితే, హజ్రత్ అనస్ (రజి) చెప్పిన హదీసు ఒకటి బుఖారీలో వుంది. ఒక దర్జీ ఇంట్లో విందుకు వెళ్ళినప్పుడు ప్రవక్త (స.అ.సం) పళ్ళెంలో ఆనపకాయ ముక్కలను వెతుక్కుని ఇష్టంగా తిన్నారు. ఆ రోజు నుండి అనస్‌గారికి కూడా ఆనపకాయ ప్రియమైంది. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు ఆనపకాయ కూరను చూసి మొహం ముడుచుకోడు.

మనం తాతలనాటివి అనుకునేవన్నీ అంత పాతవి కావు. మాళవ సుల్తాన్ గియాసుద్దీన్ దర్బారులో 15వ శతాబ్దం చివర మొదలుపెట్టిన ‘నిమత్‌నామా’ అనే వంట గ్రంథంలో సమోసాలు ఎన్నో రకాలున్నాయి గాని మిరపకాయ లేదు. మిరప అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ఓడల్లో 16వ శతాబ్దంలో మనకు వచ్చింది. బంగాళదుంప, టమాట పుట్టిల్లూ ఆ ఖండమే. చింతపండు సంగతి వేరు. అరబ్బులు దానికి తమర్ హిందీ, అంటే హిందూదేశపు ఖర్జూరం అని పేరు పెట్టారు. ఇంగ్లీషువారి టామరిండ్ దాని నుండి వచ్చినదే. మన ఇళ్ళలో ‘ఖట్టా’ అన్నా, పక్కింటివారు ‘పులుసు’ అన్నా దానికి చింతపండే మూలం.

మనం ఇక్కడికి ఎలా చేరాము

ఉత్తర సర్కారుల్లో ముస్లింల ఉనికి కొత్తది కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో చికాకోల్, అంటే ఇప్పటి శ్రీకాకుళం, ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో అక్కడ జామియా మసీదు కట్టించాడు. 1765లో షా ఆలం పాదుషా ఫర్మానాతో, 1766లో నిజాంతో ఒప్పందంతో ఈ సర్కారులు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయాయి. దాంతో కొలువులు పోయి చేతిపనుల మీద, చిన్న వర్తకాల మీద ఆధారపడవలసి వచ్చింది.

తరువాత వచ్చినవి కూలీ, జీతం రోజులు. 1893-96 మధ్య బెజవాడ నుండి కటకం దాకా తూర్పు తీర రైలు మార్గం పడింది. 1933లో హార్బరు తెరిచారు. 1941లో సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1957లో కాల్‌టెక్స్ నూనె శుద్ధి కర్మాగారం వచ్చింది. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడింది. పేరునుబట్టి చూస్తే కంచరపాలెం కంచరివారి పల్లె. రైలు పట్టాల పక్కనే వుండడంవల్ల అది కార్మికుల పేట అయింది. రైల్వేకు, హార్బరుకు, వర్క్‌షాపులకు పోయేవారు నలుమూలల నుండి వచ్చి ఇక్కడ ఇళ్ళు తీసుకున్నారు. మనవారిలో ఉర్దూ మాట్లాడేవారు వచ్చారు, తెలుగే మాతృభాషగా గల నూర్‌బాషా సోదరులూ వచ్చారు.

ఈ ఉద్యోగాల స్వభావమే మన వంటను మార్చింది. షిఫ్టు డ్యూటీకి పోయే మనిషికి తెల్లవారకముందే క్యారేజీ కట్టాలి. గంటల తరబడి దమ్ పెట్టే తీరిక ఎక్కడిది? నెలాఖరుకు మాంసం కొనే స్థోమత అందరికీ వుండేది కాదు. చేపకు జబీహా అవసరం లేదు గనుక దుకాణం వెతుక్కోనక్కరలేదు. గంప నెత్తిన పెట్టుకుని జాలరి ఆడవాళ్ళు గుమ్మం ముందుకే తెచ్చి అమ్మేవారు. అరగంటలో కూర అయ్యేది. పక్కింటికి ఒక గిన్నె పంపినా ఎవరికీ అభ్యంతరం వుండేది కాదు. కార్తీకమాసంలో వాళ్ళు నీచు ముట్టకపోతే కూరగాయ వంటకం వెళ్ళేది.

కాయగూరల్లో మన చేతివాటం

ఆనపకాయ దాల్చా మాంసంతోనే చేయాలని నియమం లేదు. శనగపప్పు గంటసేపు నానబెట్టి, పసుపు వేసి మెత్తగా ఉడికించి మెదపాలి. వేరే గిన్నెలో ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి వేయించి, ఆనపకాయ ముక్కలు వేసి మగ్గనివ్వాలి. ముక్క మెత్తబడ్డాక ఉప్పు, కారం, చింతపండు రసం, ఆ పైన పప్పు. చివర జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో బఘార్ ఇవ్వాలి. పులుసు ముందే పోస్తే ముక్క ఉడకదు, ఇది కొత్తగా వంట నేర్చుకునే అమ్మాయిలు గుర్తుంచుకోవాలి. ఇంటెడు మందికి ఒక కాయ చాలు.

మన అంబాడా, తెలుగువారి గోంగూర ఒకటే. హైదరాబాదువారి బఘారా బైంగన్‌లో నువ్వులు, పల్లీలు, కొబ్బరి పడతాయి. మన ఇళ్ళలో ఆ మసాలా తగ్గించి, వంకాయలో ఉల్లికారం కూరి వేయించడం అలవాటైంది. ఈ పద్ధతి పక్కింటి తెలుగు పిన్నిల దగ్గర నేర్చినదే. వాళ్ళు మన దగ్గర సేమ్యా షీర్ ఖుర్మా నేర్చారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఏ రికార్డులోనూ వుండదు.

సముద్రం ఇచ్చినది

వంజరం, మన ఊళ్ళో కోనాం అంటారు, అది చుట్టాలు వచ్చిన రోజుకు. చందువ కూడా అంతే. రోజువారీకి కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు. నెత్తళ్ళను శుభ్రం చేసి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి, చిటికెడు బియ్యప్పిండి చల్లి పెనం మీద కాస్త నూనెతో వేయిస్తే పదిహేను నిమిషాల పని. పప్పుచారు అన్నంలోకి అంతకన్నా ఏమి కావాలి? కానాగంతల పులుసు మట్టి దాకలో రాత్రి వండి మరునాడు తింటేనే రుచి. అందుకే అది క్యారేజీ కూర అయింది.

చైత్ర వైశాఖాల్లో చింతచిగురు వస్తుంది. రొయ్యలను వలిచి, ఉప్పు పసుపుతో వాటి నీరు ఇగిరేదాకా ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించిన దానిలో కలిపి, అరచేతుల మధ్య నలిపిన చిగురును చివర వేయాలి. వేరే పులుపు అక్కరలేదు.

చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిలిపివేస్తారు. అప్పుడు ఆదుకునేవి ఎండు చేపలు. ఎండు రొయ్యలను వట్టి పెనం మీద వేయించి, తలలు తోకలు దులిపి, వేడినీళ్ళలో కడిగి వంకాయతో ఇగురు పెడతారు. గుప్పెడు రొయ్య వేస్తే కూరంతా రొయ్య కూరే. పేద ఇంటి ఇల్లాలి లెక్క ఇక్కడ తెలుస్తుంది.

మరబోట్లు పెరిగి, 1970ల నుండి ఎగుమతులు జోరందుకున్నాక పెద్ద రొయ్య విదేశాల బాట పట్టింది. ధర మన అందుబాటు దాటింది. చిన్న రొయ్య, చిన్న చేప మనకు మిగిలాయి. నష్టమేమీ లేదు. నెత్తళ్ళను ముల్లుతో సహా తింటాము గనుక ఎముకలకు కావలసిన కాల్షియం వాటిలోనే ఎక్కువ.

రొయ్య మస్‌అలా

ఇక్కడ ఒక సున్నితమైన విషయం చెప్పవలసి వుంది. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో సుమారు 300 మంది సహాబాలు తీరంలో ఆకలితో వున్నప్పుడు సముద్రం పెద్ద చేపను ఒడ్డుకు వేసిందని, రోజుల తరబడి దానినే తిన్నారని మనకు తెలుసు. చేప విషయంలో ఏ పేచీ లేదు. హనఫీ ఫిఖ్‌హ్‌లో నీటి ప్రాణుల్లో చేప మాత్రమే హలాల్, పీత కాదు. షాఫయీ మజ్‌హబ్‌లో పరిధి ఇంకా విశాలం. మరి రొయ్య చేపేనా? నేటి జీవశాస్త్రం కాదంటుంది. అది పీతకు దగ్గరి జాతి. అయితే 1405లో మరణించిన ఈజిప్టు పండితుడు దమీరీ ‘హయాతుల్ హైవాన్’లో రొయ్యను చిన్న చేపగా లెక్కించాడు. కొందరు హనఫీ ఉలమా దానిని, జనవాడుకను ఆధారం చేసుకొని హలాల్ అన్నారు. మరికొందరు మానుకోవడం మేలన్నారు.

మేము ముఫ్తీలం కాము. తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. పండితులే రెండు విధాలుగా చెప్పినచోట మనం ఒకరింటికి ఒకరు పోవడం మానుకోవడం మాత్రం తగదు. తినేవారు తినవచ్చు, మాననివ్వండి మానేవారిని. దావత్‌లో రొయ్య వుంటే పక్కన మరో కూర వుంచి, ఇది రొయ్య అని ముందే చెప్పడం మర్యాద.

సాయంత్రపు తినుబండారాలు

సమోసా ఇరాను వైపు నుండి వచ్చింది. పకోడీ ఈ దేశానిదే. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ రెండూ ఒకే పళ్ళెంలో వుంటాయి. శనగల గుగ్గిళ్ళు రాత్రే నానబెడితే సాయంత్రం ఉడికించి తాలింపు వేయడమే. చిన్న రొయ్యలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పుదీనా కలిపి శనగపిండి పొడిపొడిగా పట్టించి వేస్తే పకోడీ కరకరలాడుతుంది. నీళ్ళు ఎక్కువైతే మెత్తబడి నూనె పీలుస్తుంది. రాత్రి మిగిలిన చేప ముక్కల ముల్లు తీసి, ఉడికిన బంగాళదుంపతో మెదిపి, రొట్టె పొడి అద్ది వేయిస్తే కట్లెట్. ఇది దొరల కాలంలో రైల్వే ఫలహారశాలల ద్వారా మనకు అలవాటైన వంట. బీచిలో అమ్మే మురీ మిక్చర్ కూడా ఇంట్లో అయిదు నిమిషాల్లో కలుపుకోవచ్చు. మరమరాలు, ఉల్లి, టమాట, కొత్తిమీర, నిమ్మరసం, వేయించిన పల్లీలు చాలు.

ఇప్పుడు ఆలోచించవలసినది

ఇదంతా ఎందుకు వ్రాశామంటే, నేడు హోటలు పొట్లం మన సంప్రదాయమై కూర్చుంది. ఇఫ్తార్ సరుకు కూడా బయటి నుండే తెస్తున్నాము. అంతకన్నా బాధాకరం పెళ్ళిళ్ళ సంగతి. మాంసం రెండు మూడు రకాలు లేకపోతే పరువు పోతుందని ఆడపిల్ల తండ్రి అప్పు చేస్తున్నాడు. ఆ అప్పు తీరకముందే రెండో అమ్మాయి పెళ్ళి వస్తోంది. హిజ్రీ 7లో ఖైబర్ నుండి తిరిగి వస్తూ ప్రవక్త (స.అ.సం) హజ్రత్ సఫియ్యా (రజి)తో వివాహానంతరం ఇచ్చిన వలీమాలో రొట్టె లేదు, మాంసం లేదు. ఖర్జూరాలు, ఎండబెట్టిన పెరుగు, నెయ్యి వడ్డించారు. దానికన్నా గొప్ప వలీమా మనకెవరికైనా సాధ్యమా?

కాబట్టి సభ్య కుటుంబాలకు మా మనవి రెండే మాటలు. స్తోమత లేనివారు దాల్చా, ఖుష్కా, ఒక చేప వేపుడుతో దావత్ చేస్తే దానిని చిన్నచూపు చూడవద్దు. పెద్దలమే ముందు కూర్చుని మెచ్చుకుని తినాలి. అప్పుడే తక్కినవారికి ధైర్యం వస్తుంది. రెండవది, ఇళ్ళలో వున్న నానీ, దాదీ, ఖాలాల చేతి వంటలను పిల్లలు ఒక నోటుపుస్తకంలో వ్రాసిపెట్టాలి. ఉర్దూలో రాయండి, తెలుగులో రాయండి, ఏదైనా సరే. పేరు, కొలత, ఎవరి దగ్గర నేర్చారో కూడా రాయండి. కంచరపాలెంలో మన తాతముత్తాతలు వీలునామాలు వ్రాసి పోలేదు, ఆస్తులూ విడిచి పోలేదు. తక్కువలో గౌరవంగా బ్రతికే విద్య ఒకటి విడిచి పోయారు. దానిని కాపాడుకునే తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.